వ్యోమగామి దుస్తులలో ప్రాణాధార వ్యవస్థ: విసర్జన సమస్య - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వ్యోమగామి దుస్తులు అనగానే మనిషికి ప్రాణవాయువును అందించే ఏర్పాటు గుర్తుకు వస్తుంది. అయితే ఈ దుస్తుల చరిత్రను, ప్రమాదాలను పరిశీలిస్తే, శరీరం నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడును, వేడిని, తేమను బయటికి పంపడమే రూపకర్తలకు ఎక్కువ కష్టమైన పనిగా నిలిచిందని తెలుస్తుంది. హైదరాబాదు మూలాలున్న వ్యోమగామి రాజాచారి పాల్గొన్న 2022 మార్చి 23 నాటి అంతరిక్ష నడకను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, సులభమైన గణనల సహాయంతో ఈ విషయాన్ని నిరూపించడం, భారతదేశ మానవసహిత అంతరిక్షయాన సందర్భంలో దాని ప్రాధాన్యాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యోమగామి దుస్తులు, ప్రాణాధార వ్యవస్థ, పీడనం, ఉష్ణ విసర్జన, ద్రవశీతల వస్త్రం, రాజాచారి, గగన్‌యాన్.

1. ఉపోద్ఘాతం:

వైశాఖ శుద్ధ ఏకాదశినాడు అన్నవరంలో సత్యనారాయణస్వామివారి కల్యాణం జరుగుతుంది. ఆ రోజుల్లో మెట్లదారిన రత్నగిరి ఎక్కే భక్తులను ఎండకన్నా ఉక్కపోత ఎక్కువగా బాధిస్తుంది. సముద్రానికి చేరువలో ఉన్న ఈ ప్రాంతంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చెమట ధారగా కారుతుంది కాని ఆరదు. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి శరీరం నుంచి సుమారు 2,400 జౌళ్ళ వేడిని తీసుకుంటుంది. ఆవిరి కాకుండా జారిపోయిన చెమట వల్ల ఆ మేలు కలగదు. అందువల్లనే నీడకు చేరినా ఒళ్ళు చల్లబడదు. పైకి వెళ్ళి కాస్త గాలి తగిలితే గాని ప్రాణం కుదుటపడదు.

అదే భక్తుడు గాలి చొరబడని సంచిలో ఉండి మెట్లెక్కుతున్నట్లు ఊహిస్తే వ్యోమగామి దుస్తుల రూపకర్తలకు ఎదురైన సమస్య స్పష్టమవుతుంది. అంతరిక్షం చల్లనిది కాబట్టి వేడి దానంతట అదే పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి శూన్యంలో వేడిని మోసుకుపోయే గాలి లేదు. టీ ఫ్లాస్కు రెండు గోడల మధ్య శూన్యం ఉండటం వల్లనే అందులో టీ గంటల తరబడి వేడిగా ఉంటుంది. ఎండకు, నీడకు మధ్య ఉన్న తీవ్రమైన ఉష్ణోగ్రతల తేడా నుంచి కాపాడటానికి దుస్తులకు వేసే అనేక పొరల తొడుగు కూడా లోపలి వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి ఆ వేడిని ప్రయత్నపూర్వకంగా బయటికి తీసుకుపోవలసిందే.

ఈ వ్యాసంలో వ్యోమగామి ధరించే దుస్తులను 'సూటు' అని, అందులో శ్వాసను, పీడనాన్ని, ఉష్ణోగ్రతను నిలిపే యంత్రాంగాన్ని 'ప్రాణాధార వ్యవస్థ' అని వ్యవహరించడం జరిగింది.

2. మూడు తరగతుల దుస్తులు:

అంతరిక్షంలోకి వెళ్ళే మనిషి ధరించే దుస్తులన్నీ ఒక్క రకమైనవి కావు. ప్రాణాధార వ్యవస్థ ఎక్కడ ఉన్నది అనే ప్రశ్నను బట్టి వాటిని మూడు తరగతులుగా విభజించవచ్చు. మూడింటికీ మనకు సన్నిహితమైన ఉదాహరణలు ఉన్నాయి.

మొదటి తరగతి దుస్తులకు పీడనంతో సంబంధం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్ల 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ సంస్థ వారి యూనిటీ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళివచ్చారు. ఆ యాత్రలో ఆమె ధరించిన నీలిరంగు దుస్తులు గాలిని బంధించి ఉంచేవి కావు. ఆమె ప్రాణరక్షణ భారమంతా నౌక గదిదే.

రెండవ తరగతి దుస్తులు నౌక లోపల ఆపద వేళ ఉపయోగపడేవి. 1971 జూన్ 30న సోయుజ్-11 భూమికి తిరిగివస్తుండగా గాలి కవాటం అకాలంలో తెరుచుకోవడంతో ముగ్గురు వ్యోమగాములు మరణించారు. వారు పీడన దుస్తులు ధరించలేదు. ఆ తరువాత రష్యన్లు సొకోల్ సూటును ప్రవేశపెట్టారు. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో బయలుదేరిన రాకేశ్ శర్మ ధరించినది ఈ రకం సూటే. మామూలు సమయంలో నౌక నుంచి వచ్చే గాలి దానిలో ప్రవహిస్తుంది. గదిలో పీడనం పడిపోతే సూటు ఉబ్బి మనిషిని కాపాడుతుంది. దీనిలో ప్రాణాధారానికి కావలసినదంతా నౌకలోనే ఉంటుంది. గొట్టాలే దానిని సూటుకు అందిస్తాయి.

మూడవ తరగతి దుస్తులలో ప్రాణాధార వ్యవస్థ మొత్తం మనిషి వీపుమీదనే ఉంటుంది. నౌక వెలుపల పనిచేయడానికి ఇవి అవసరం. రాజాచారి 2022 మార్చి 15న, 23న ఇటువంటి సూటులోనే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపలికి వచ్చి పనిచేశారు. ఆయన తండ్రి శ్రీనివాసచారి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన ఇంజనీరు. ఈ మూడవ తరగతి సూటే ఈ వ్యాసానికి విషయం.

3. పీడన నిర్ణయం:

సూటు రూపకల్పనలో మొదటి నిర్ణయం లోపలి పీడనం ఎంత ఉండాలన్నది. సముద్రమట్టం వద్ద గాలి పీడనం సుమారు 101 కిలోపాస్కల్‌లు. అందులో ప్రాణవాయువు వాటా 21. సుమారు 19 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి పీడనం 6 కిలోపాస్కల్‌లకు పడిపోతుంది. అక్కడ నీరు శరీర ఉష్ణోగ్రత వద్దనే మరుగుతుంది. కాబట్టి పీడనం లేకుండా ప్రాణవాయువును మాత్రమే అందించడం చాలదు.

భూమిమీది పీడనాన్నే సూటులో ఉంచితే అది బిగుసుకుపోతుంది. వేలు మడవటం కూడా బరువైన పని అవుతుంది. అందువల్ల అమెరికన్ సూటులో కేవలం ప్రాణవాయువును 29.6 కిలోపాస్కల్‌ల వద్ద నింపుతారు. రష్యన్ల ఒర్లాన్ సూటులో అది సుమారు 40. 1965 మార్చి 18న మొట్టమొదటి అంతరిక్ష నడక చేసిన అలెక్సీ లియోనోవ్ సూటు శూన్యంలో ఉబ్బిపోయింది. ఆయన లోపలి పీడనాన్ని సుమారు 40 నుంచి 27 కిలోపాస్కల్‌లకు తగ్గించుకొని గాని నౌకలోకి తిరిగి ప్రవేశించలేకపోయారు.

తక్కువ పీడనానికి ఒక మూల్యం ఉంది. గోళీ సోడా కొట్టగానే బుడగలు ఎగసినట్లు, పీడనం హఠాత్తుగా తగ్గితే రక్తంలోను, కణజాలంలోను కరిగి ఉన్న నత్రజని బుడగలు కడుతుంది. సముద్రంలో లోతుకు దిగే గజ ఈతగాళ్ళకు వచ్చే రుగ్మత ఇదే. దీనిని నివారించడానికి వ్యోమగాములు బయటికి రావడానికి ముందు కొన్ని గంటలపాటు ప్రాణవాయువును మాత్రమే పీల్చి నత్రజనిని వదిలించుకుంటారు. అంటే నడక మొదలుకాకముందే విసర్జన మొదలవుతున్నది.

4. మూడు గడువులు:

విసర్జన ఎంత అత్యవసరమో ఒక గణన ద్వారా చూడవచ్చు. విశ్రాంతిగా ఉన్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వెలువరిస్తుంది. సూటులో పనిచేసే మనిషి విషయంలో అది 300 వాట్లు అనుకుందాం. ఈ శక్తికి అతనికి నిమిషానికి సుమారు 0.9 లీటర్ల ప్రాణవాయువు కావాలి. అతడు సుమారు 0.8 లీటర్ల కార్బన్ డయాక్సైడును విడుస్తాడు. సూటులో శరీరం పోగా మిగిలిన ఖాళీ 50 లీటర్లు అనుకొని, ప్రాణాధార వ్యవస్థ పనిచేయడం మానివేసిందని భావిద్దాం.

అప్పుడు కార్బన్ డయాక్సైడు పాక్షిక పీడనం నిమిషానికి సుమారు 1.6 కిలోపాస్కల్‌ల చొప్పున పెరుగుతుంది. మూడు నాలుగు నిమిషాలలో అది 5 కిలోపాస్కల్‌లు దాటుతుంది. ఆ స్థాయిలో ఆయాసం, తలనొప్పి, తికమక కలుగుతాయి. ఇది మొదటి గడువు. సూటులో ఉన్న ప్రాణవాయువు సముద్రమట్టపు స్థాయికన్నా బాగా తగ్గి 16 కిలోపాస్కల్‌లకు చేరడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఇది రెండవ గడువు. ఇక 70 కిలోల శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 2,45,000 జౌళ్ళు కావాలి. వేడి ఏమాత్రం బయటికి పోకపోతే 300 వాట్ల చొప్పున ప్రతి 14 నిమిషాలకు ఒక డిగ్రీ పెరుగుతుంది. 40 నిమిషాలు గడిచేసరికి శరీరం వడదెబ్బ స్థితికి చేరుతుంది. ఇది మూడవ గడువు.

ఈ మూడింటిలో రెండవదాన్ని తీర్చడం సాంకేతికంగా సులభం. ఏడు గంటల పనికి కావలసిన ప్రాణవాయువు సుమారు 380 లీటర్లు, అంటే 0.54 కిలోగ్రాములు. అమెరికన్ సూటులోని ప్రధాన ట్యాంకులలో నింపేది కూడా ఇంచుమించు ఇంతే. దీనికి గట్టి సీసా, నమ్మకమైన కవాటం ఉంటే చాలు. మొదటి, మూడవ గడువులను తీర్చడానికి మాత్రం రసాయనశాస్త్రం, ఉష్ణగతికశాస్త్రం, ద్రవగతిశాస్త్రం ఒక పెట్టెలో కలిసి పనిచేయాలి.

5. విసర్జన యంత్రాంగం:

5.1 కార్బన్ డయాక్సైడు: చంద్రునిమీద నడిచిన అపోలో వ్యోమగాముల సూట్లలో లిథియం హైడ్రాక్సైడు పొడి ఈ వాయువును పీల్చుకొనేది. సిద్ధాంతరీత్యా ఒక కిలో పొడి 0.92 కిలోల వాయువును గ్రహిస్తుంది. ఈ రసాయన చర్యలో వేడి, నీటి ఆవిరి పుడతాయి. ఒక మలినాన్ని తొలగించబోతే మరి రెండు వచ్చి చేరుతున్నాయన్నమాట. పైగా వాడిన పొడి తిరిగి పనికిరాదు. అంతరిక్ష కేంద్రంలో వాడే సూట్లలో సిల్వర్ ఆక్సైడు పెట్టెలు ఉంటాయి. వాటిని ప్రత్యేకమైన ఓవెన్‌లో వేడిచేసి తిరిగి వాడుకుంటారు. తరువాతి తరానికి నాసా అభివృద్ధి చేసిన పద్ధతిలో రెండు అమీన్ అరలు ఉంటాయి. ఒక అర వాయువును, తేమను పట్టుకుంటుండగా రెండవది పట్టుకున్నదాన్ని శూన్యంలోకి వదులుతుంది. తరువాత వాటి పాత్రలు మారతాయి.

5.2 వేడి: తొలి సూట్లలో గాలిని ప్రవహింపజేసి శరీరాన్ని చల్లబరచే ప్రయత్నం జరిగింది. 1966 జూన్ 5న జెమిని-9ఏ నుంచి బయటికి వచ్చిన యూజిన్ సెర్నన్ రెండు గంటలకు పైగా శ్రమించారు. ఆయన చెమటను ఆ గాలి ఆర్పలేకపోయింది. హెల్మెట్ అద్దంపై ఆవిరి కమ్మి ఎదుట ఏమీ కనిపించని స్థితి వచ్చింది. అన్నవరం మెట్లమీద ఉక్కపోతలో చెమట ఆరకపోవడానికి, సెర్నన్ అద్దం మసకబారడానికి మూలకారణం ఒక్కటే. చుట్టూ ఉన్న గాలి మోయగలిగినంత తేమను అప్పటికే మోస్తున్నది.

ఈ అనుభవం తరువాత చెమట పట్టక ముందే వేడిని తీసివేయాలన్న ఆలోచన బలపడింది. అపోలో నాటికి ద్రవశీతల వస్త్రం వచ్చింది. ఒంటికి అంటిపెట్టుకొని ఉండే ఈ లోపలి వస్త్రంలో సన్నని గొట్టాలు అల్లి ఉంటాయి. ప్రస్తుత అమెరికన్ సూటులో వీటి మొత్తం పొడవు సుమారు 90 మీటర్లు. గొట్టాలలో ప్రవహించే చల్లని నీరు చర్మం నుంచి వేడిని గ్రహించి వీపుమీది పెట్టెకు చేరుస్తుంది.

అక్కడి నుంచి వేడి శూన్యంలోకి పోయే మార్గం ఆసక్తికరమైనది. సన్నని రంధ్రాలున్న లోహపు పలకలోకి వేరొక ట్యాంకు నుంచి నీరు చేరుతుంది. శూన్యం తగలగానే ఆ నీరు రంధ్రాలలో గడ్డకడుతుంది. గొట్టాల నీరు తెచ్చిన వేడిని తీసుకొని ఆ మంచు నేరుగా ఆవిరై పోతుంది. 300 వాట్ల చొప్పున ఏడు గంటలలో తొలగించవలసిన వేడి 75,60,000 జౌళ్ళు. ఒక కిలో నీరు సుమారు 25,00,000 జౌళ్ళను తీసుకుపోగలదు. అంటే సుమారు మూడు కిలోల నీటిని అంతరిక్షానికి ధారపోయాలి. తాను మోసుకెళ్ళే ప్రాణవాయువుకు ఐదు రెట్లకు పైగా బరువున్న నీరు వ్యోమగామికి చల్లదనం కోసమే కావలసి వస్తున్నది.

5.3 తేమ: శ్వాసలోను, చెమటలోను వచ్చే తేమను మోసుకొచ్చిన వాయువు ఇదే పలక వద్ద చల్లబడుతుంది. తేమ నీరుగా మారుతుంది. భూమిమీద అయితే నీరు కిందికి, గాలి పైకి పోయి వేరవుతాయి. భారరహిత స్థితిలో పైనా కిందా ఉండవు. అందువల్ల వేగంగా తిరిగే డ్రమ్ములో అపకేంద్ర బలంతో నీటిని వేరుచేస్తారు. అమెరికన్ సూటులో వాయువును నడిపే ఫ్యాను, నీటిని నడిపే పంపు, ఈ డ్రమ్ము ఒకే ఇరుసుమీద నిమిషానికి 19,000 పైచిలుకు చుట్లు తిరుగుతాయి. స్థలం, బరువు ఆదా చేయడానికి ఇది చక్కని ఉపాయం. అయితే నీటి మార్గం, శ్వాస మార్గం ఒకచోట కలుసుకోవడం వల్ల ప్రమాదానికి కూడా ఇదే ద్వారమైంది.

6. హెల్మెట్‌లో నీరు - రెండు సంఘటనలు:

2013 జులై 16న ఇటలీ వ్యోమగామి లూకా పర్మితానో అంతరిక్ష కేంద్రం వెలుపల పనిచేస్తుండగా తల వెనుక తడి తగిలింది. భారరహిత స్థితిలో నీరు జారిపోదు. తలతనం వల్ల దొరికిన ఉపరితలాన్ని అంటుకొని పాకుతుంది. అది ఆయన కళ్ళను, ముక్కును కమ్మింది. రక్షణ తాడును తడుముకుంటూ ఆయన ద్వారానికి చేరుకున్నారు. హెల్మెట్‌లో చేరిన నీరు లీటరు, లీటరున్నర వరకు ఉంటుందని అంచనా. నీటిని వేరుచేసే డ్రమ్ము రంధ్రాలను సిలికాతో కూడిన మలినాలు మూసివేయడం వల్ల నీరు శ్వాస మార్గంలోకి పొంగిందని దర్యాప్తులో తేలింది.

ఈ సంఘటనకు ఒక వారం ముందు, జులై 9న, అదే సూటు హెల్మెట్‌లో నీరు కనిపించింది. తాగునీటి సంచి కారిందని భావించి ముందుకు సాగారు. చిన్న లోపానికి అలవాటు పడటం ఎంత ప్రమాదకరమో 2014 ఫిబ్రవరిలో వెలువడిన దర్యాప్తు నివేదిక విశదం చేసింది. ఆ తరువాత హెల్మెట్ వెనుక నీటిని పీల్చే మెత్తను, నీరు ముఖాన్ని కమ్మినా సూటు మొండెం భాగం నుంచి ఊపిరి తీసుకునే గొట్టాన్ని అమర్చారు.

రెండవ సంఘటన 2022 మార్చి 23 నాటిది. ఆనాడు రాజాచారి, జర్మనీకి చెందిన మత్తియాస్ మౌరర్ 6 గంటల 54 నిమిషాలపాటు వెలుపల పనిచేశారు. వారు చేసిన పనులలో కేంద్రపు రేడియేటర్లకు అమ్మోనియాను పంపే వ్యవస్థకు గొట్టాలు బిగించడం ఒకటి. అంటే అంతరిక్ష కేంద్రపు ఉష్ణ విసర్జన వ్యవస్థను వారు సరిచేస్తున్నారు. లోపలికి వచ్చిన తరువాత మౌరర్ హెల్మెట్ అద్దంపై పలుచని నీటి పొర కనిపించింది. ఆయనకు హాని జరగలేదు. అయినా నాసా సాధారణ నడకలను నిలిపివేసి ఆ సూటును భూమికి రప్పించి పరీక్షించింది. 2022 నవంబరులో గాని నడకలు తిరిగి మొదలుకాలేదు.

పరీక్ష ఫలితం ఆలోచింపజేసేది. సూటులో ఏ భాగమూ చెడలేదు. వ్యోమగామి శ్రమ, ఆయన ఎంచుకున్న శీతలీకరణ స్థాయి వంటివి కలిసి మామూలుకన్నా ఎక్కువ తేమ నీరుగా మారి ఉంటుందని నాసా నిర్ధారణకు వచ్చింది. 2013లో యంత్రం విఫలమైంది. 2022లో యంత్రం సక్రమంగానే ఉంది. దాని లెక్కకు మించి మనిషి చెమటోడ్చాడు. కాబట్టి శరీరాన్ని కూడా వ్యవస్థలో ఒక భాగంగా, అందులోనూ నిమిషనిమిషానికి మారే భాగంగా గణించాలన్నది ఈ సంఘటన చెప్పే పాఠం.

7. భారతదేశ సందర్భం:

తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం రూపొందించిన నారింజరంగు నమూనా సూటును 2018 సెప్టెంబరులో బెంగళూరు స్పేస్ ఎక్స్‌పోలో ప్రదర్శించారు. గగన్‌యాన్ వ్యోమగాముల కోసం రష్యాకు చెందిన జ్వెజ్దా సంస్థతోనూ సూట్ల తయారీ ఒప్పందం కుదిరింది. ఇవన్నీ రెండవ తరగతివి. గగన్‌యాన్‌లో ప్రాణాధార భారం నౌక గదిదే. ఆ గదికి కావలసిన వ్యవస్థను ఇస్రో స్వదేశంలోనే రూపొందించుకుంటున్నది.

ఈ రంగంలో మరొక పునాది బెంగళూరులోని రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగశాల డెబెల్ వేసింది. తేజస్ యుద్ధవిమానం కోసం అది రూపొందించిన సమీకృత ప్రాణాధార వ్యవస్థను 2025 మార్చి 4న 50,000 అడుగుల ఎత్తు వరకు జయప్రదంగా పరీక్షించారు. విమానంలోనే గాలి నుంచి నత్రజనిని వడగట్టి పైలట్‌కు ప్రాణవాయువును అందించడం దాని ప్రత్యేకత. అయితే పైలట్ విడిచిన శ్వాస తిరిగి వాడుకలోకి రానక్కరలేదు. అంతరిక్ష నడక సూటులో విడిచిన శ్వాసను శుభ్రపరచి మళ్ళీ పీల్చాలి. అందించే విద్యలో మనకు అనుభవం ఏర్పడింది. విసర్జించే విద్యలో ఇంకా నడవవలసిన దూరం ఉంది. 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రునిపై భారతీయుడు అన్నవి ప్రకటిత లక్ష్యాలు. ఆ రెండింటికీ మూడవ తరగతి సూటు కావాలి.

ఈ పరిశోధన ఫలితం అంతరిక్షానికే పరిమితం కాదు. 2020లో పీపీఈ కిట్లు ధరించి కోవిడ్ వార్డులలో పనిచేసిన వైద్యులు, నర్సులు ఒంటికి గాలి తగలక నీరుగారిపోయారు. అగ్నిమాపక సిబ్బంది, రసాయన కర్మాగారాల కార్మికులు ధరించే రక్షణ దుస్తులలోనూ ఇదే సమస్య. గాలిలో తేమ ఎక్కువగా ఉండే గోదావరి జిల్లాల వంటి చోట చెమట ఆరని పరిస్థితిలో శరీర ఉష్ణోగ్రతను కొలవడం, అమీన్ శోషకాలను పరీక్షించడం, నీటి ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొరలను తయారుచేయడం మన విశ్వవిద్యాలయాల భౌతిక, రసాయన, వస్త్ర సాంకేతిక శాఖలు కలిసి చేపట్టదగిన పనులు.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. ప్రాణాధార వ్యవస్థ విఫలమైతే, పైన గ్రహించిన విలువల ప్రకారం, ప్రాణవాయువు కొరతకన్నా ముందు కార్బన్ డయాక్సైడు మనిషిని దెబ్బతీస్తుంది. వేడి ఆలస్యంగా వచ్చినా దానిని తొలగించడానికి ఎక్కువ బరువు మోయవలసి వస్తుంది.

2. ఒక మలినాన్ని తొలగించే పద్ధతి మరొక మలినాన్ని పుట్టించవచ్చు. కాబట్టి వేడి, తేమ, వాయువు అనే మూడింటికీ విడివిడిగా కాక ఉమ్మడిగా పరిష్కారం వెదకాలి.

3. శరీరాన్ని చల్లబరచే నీరే శ్వాస మార్గంలో చేరితే ప్రాణాంతకమవుతుంది. 2013 నాటి సంఘటన దీనికి నిదర్శనం.

4. భాగాలన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ వ్యవస్థ తప్పటడుగు వేయవచ్చునని 2022 నాటి సంఘటన తెలిపింది. మనిషి శ్రమలోని హెచ్చుతగ్గులు రూపకల్పన లెక్కలలో చేరాలి.

రేపటి భారతీయ సూటును రూపొందించేవారు సీసాలో ఎంత ప్రాణవాయువు పట్టించాలన్న లెక్కను సులభంగానే తేల్చగలరు. లోపల ఉన్న మనిషికి చెమట పట్టినప్పుడు అది ఎక్కడికి పోవాలన్న ప్రశ్నతో వారి అసలు పని మొదలవుతుంది.